ధనశేఖర్ అదురు పరీక్ష

సోమవారం సాయంత్రం తిరుపతిలో శాంతయ్య వాయిద్యాల అంగడికి వెళ్ళిన ధనశేఖర్, చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టి, అమ్మకానికి పెట్టిన స్పీకర్ పెట్టె మీదికి ఎక్కి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. అతన్ని అంగడికి తీసుకొచ్చిన ఏకాంబరం తల పట్టుకున్నాడు. లోకంలో అందరూ స్పీకర్‌ను చెవితో విని కొంటారు. ధనశేఖర్ అరికాళ్ళతో వింటాడు. అతనిలో ఉన్న వింత ఇదొక్కటే. మిగతా అన్నిటిలో మామూలు మనిషి.

"ఎట్లుండాది సార్ సౌండు?" అన్నాడు శాంతయ్య.

"సౌండు సంగతి తర్వాత. అదురు సాలదు."

"అదిరిపోతాది సార్, నాది పూచీ."

"ఆ అదురు కాదు సామీ. కాలికి తెలియాల. మడమ కాడ రవంత తెలస్తా ఉండాది, వేళ్ళకి రాలేదు."

శాంతయ్య దగ్గర మడమకు వేరే, వేళ్ళకు వేరే స్పీకర్లు లేవు. ఆ మాటే చెప్పాడు. ధనశేఖర్ దిగి, పక్కనున్న ఇంకొంచెం పెద్ద పెట్టె మీదికి ఎక్కాడు.

అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా కొండెక్కే జనంతో నిండిన ఊరు కాబట్టి, ఒక మనిషి అంగట్లో చెప్పులు విప్పి కళ్ళు మూసుకుంటే తిరుపతిలో ఎవరూ ఏమిటని అడగరు. ఏదో మొక్కు అనుకుంటారు. ఒకసారి అతను అలా నిలబడి ఉండగా దారిన పోయే ముసలమ్మ లోపలికొచ్చి, స్పీకర్ పెట్టెకు దండం పెట్టుకుని వెళ్ళింది.

శ్రీ సిటీలో ఏసీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ధనశేఖర్‌ది తనిఖీ పని. తయారైన ఏసీ మీద చెయ్యి ఆనించి చూడాలి. అదిరితే వెనక్కి పంపాలి. పగలంతా అదురును ఏరిపారేసే మనిషి, సాయంత్రం కంపెనీ బస్సు రేణిగుంటలో దించగానే మంద్రంగా దుమ్మనే బేస్ గిటార్ భుజాన వేసుకుని, అదురు ఎక్కడ దొరుకుతుందా అని వీధులన్నీ వెతికేవాడు. శుభకార్యాలకు పాటలు పాడే ఏకాంబరం ఆర్కెస్ట్రాలో అతను వాయించేది సరదాకే. అడిగే ప్రశ్నలు మాత్రం కచేరీ విద్వాంసుల స్థాయిలో ఉండేవి.

లావు తీగలు మేలా, సన్న తీగలు మేలా? పాత తీగలు మారిస్తే మంచిదా, నూనె తుడిచి అట్లే పెట్టుకుంటే మంచిదా? పెట్టె నేల మీద పెట్టాలా, బల్ల మీద పెట్టాలా? ఈ ప్రశ్నలు అతను శాంతయ్యను అడిగాడు, ఆటోవాళ్ళను అడిగాడు, టెంట్ హౌస్ వాళ్ళను అడిగాడు, ఫోన్‌లో ఎక్కడెక్కడి బేస్ గిటార్ వాళ్ళనో అడిగాడు. ఎవరు ఏ జవాబు చెప్పినా చివరికి ఒకే మాటకు వచ్చేవాడు. "అది సరే. అట్ల జేస్తే అదురు జాస్తి అవతాదా?"

పెళ్ళిళ్ళలో జనం అతన్ని చూసి జాలిపడేవాళ్ళు.

"ఏం నాయనా, గిటారుకి ఆరు తీగలుండాల గదా. నీదాన్లో నాలుగే ఉండాయే, తెగిపోయినాయా?"

"లేదు పెద్దాయనా, ఇది బేస్ గిటారు. దీనికి నాలుగే."

"పోనీలే. ఈ పెళ్ళి దుడ్లు వస్తానే వేయించుకుందువులే."

ఏకాంబరానికి మాత్రం జాలి లేదు, కడుపుమంట. ఎందుకంటే ధనశేఖర్ వాయించేది వేదిక కింద ఒక్కరికీ వినిపించేది కాదు. ఇద్దరు మోస్తే గానీ లేవని పాత స్పీకర్ పెట్టె ఒకటి అతనికి ఉంది. దాన్ని జనం వైపు తిప్పి పెట్టడు. వేదిక వెనకవైపు, డోలక్ వాయించే గంగాధరం పక్కన, గంగాధరం కూర్చునే బల్ల మీదే పెడతాడు. పైగా మొహం ఆయన వైపే.

"పెట్టె ముందుకు జరపరా ధనా," అని ఏకాంబరం ప్రతి ప్రోగ్రాంలోనూ అరిచేవాడు.

"గిటారు నుంచి పెట్టెకి తీగ పొట్టిదన్నా. అందదు."

అరిచి అరిచి ఏకాంబరమే ఒక పొడుగాటి తీగ కొనిచ్చాడు. ధనశేఖర్ దాన్ని కళ్ళకద్దుకుని, చుట్ట చుట్టి, సంచీలో భద్రంగా పెట్టి, మరుసటి ప్రోగ్రాంకు మళ్ళీ పొట్టి తీగే తగిలించాడు.

"కొత్తది ఏమైంది రా?"

"కొత్తది గదన్నా. అరిగిపోతాదని."

రేణిగుంటలో ఆర్కెస్ట్రా వాళ్ళంతా టిఫిన్ తినేది మునెమ్మ హోటల్లో. అక్కడా ఇదే గోల. ఒకరోజు మునెమ్మ ఇడ్లీ పిండికి గ్రైండర్ వేసింది. ధనశేఖర్ చెప్పులు విప్పి గ్రైండర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అక్కా, దీన్ని ఆ బల్ల కాడికి జరిపితే ఇంకా బాగుంటాది."

"ఏం బాగుంటాది?"

"అదురు."

"నీ అదురు పాడుగాను. నా బల్ల కాళ్ళు ఇప్పటికే ఊగతా ఉండాయి, సాంబారు గిన్నెలు తొణకతా ఉండాయి. తిని, గమ్మున లేసి పో."

ఆ ఊగే బల్ల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్న గంగాధరం మాత్రం ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనడు. అరవై దాటిన మనిషి, ఆర్కెస్ట్రాలో అందరికన్నా పెద్దవాడు, డోలక్ మీద చెయ్యి పడితే గడియారం. ఏమడిగినా ఆయన జవాబు ఒకటే.

"గంగాధరమన్నా, రేపు పొద్దున్నే బయల్దేరుదామా?"

"అట్లే కానీ."

"కాఫీ తాగతావా, టీ తాగతావా?"

"అట్లే కానీ."

ఇంత నెమ్మదస్తుడు జిల్లాలో ఇంకొకడు లేడని ఏకాంబరం అందరికీ చెప్పుకునేవాడు.

సోమవారం నాడు ఏకాంబరం ధనశేఖర్‌ను అంగడికి తీసుకురావడానికి కారణం చిత్తూరు హరినాథ్. ఆయనకు చిత్తూరులో పెద్ద కల్యాణ మంటపం ఉంది. వచ్చే ముహూర్తాల రిసెప్షన్లన్నీ ఒకే ఆర్కెస్ట్రాకు ఇస్తానన్నాడు. గురువారం జరిగే రిసెప్షన్‌లో విని, నచ్చితేనే. ఫోన్‌లో ఒక మాట కూడా చెప్పాడు. "మీ పాటల్లో ఆ దుమ్ము దుమ్ము అనేది యినపడదంట గదప్పా. ఈకాలం పిల్లోళ్ళకి అదే కావాల." చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలు చాలామటుకు పాటలు యంత్రంలో పెట్టి నడిపిస్తున్నాయి. ఈ మంటపం చేజారితే మనుషులతో వాయించే ఏకాంబరం ఆర్కెస్ట్రా మూసుకోవాల్సిందే. అందుకే జనానికి వినిపించే స్పీకర్ ఒకటి కొనిద్దామని వస్తే, ధనశేఖర్ పెట్టెలెక్కి దిగుతున్నాడు.

చివరికి శాంతయ్యే దారి చూపించాడు. "కొత్త పెట్టె ఎందుకు సార్? మంటపం సౌండు మిక్సర్లోకే గిటారు తీగ నేరుగా తగిలించండి. గోడల మీది స్పీకర్లు మోత మోగిస్తాయి. ఆ పాత పెట్టెతో పనే లేదు."

ఏకాంబరం మొహం వెలిగింది. ధనశేఖర్ పెట్టె దిగి, చెప్పులు వేసుకోవడం మర్చిపోయి వీధిలోకి నడిచాడు.

గురువారం చిత్తూరులో మంటపం ముందు వ్యాన్ ఆగగానే గొడవ మొదలైంది.

"పెట్టె బండిలోనే ఉంటాది," అన్నాడు ఏకాంబరం.

"రవంత సేపు పెడతానన్నా. ఒక పక్కన."

"వద్దు."

"సౌండు తగ్గించి పెడతా. అదురు మటుకే."

"ఇంకోతూరి అదురు అన్నావంటే నిన్ను గూడా బండ్లోనే పెట్టి తాళం వేస్తా. హరినాథ్ ముందర నా పరువు తీయొద్దు రా ధనా."

ధనశేఖర్ లోపలికి వెళ్ళి, సిమెంటు వేదిక మీద గంగాధరం కూర్చునే చెక్క బల్ల సరిగ్గా ఉందా లేదా అని చూశాడు. పొడుగాటి తీగ మొట్టమొదటిసారి సంచీలోంచి బయటికి తీశాడు.

మొదటి పాటకు మంటపం దద్దరిల్లింది. ధనశేఖర్ వేలు కదిలిస్తే గోడల మీద స్పీకర్లు దుమ్మన్నాయి. ముందు వరుసలో కూర్చున్న హరినాథ్ తలాడించాడు. ఏకాంబరం మైకు పట్టుకుని వేదిక పక్కన నిలబడి, ఇన్నాళ్ళూ ఈ బుద్ధి తనకెందుకు పుట్టలేదా అనుకున్నాడు.

రెండో పాటలో చరణం ముందు అందరూ ఒక్క క్షణం ఆగాలి. గాయని హేమశ్రీ ఆగింది. కీబోర్డు ఆగింది. డోలక్ ఆగలేదు. చిరునవ్వుతో, కళ్ళు మూసుకుని, గంగాధరం ఒంటరిగా తన దోవన తాను వెళ్ళిపోయాడు. హేమశ్రీ పాట అందుకునేసరికి ఆయన చరణంలోకి రెండు దెబ్బలు ముందే పోయాడు. ఇన్నేళ్ళలో ఆయన తాళం తప్పడం ఏకాంబరం చూడలేదు. హరినాథ్ తలాడించడం మానేశాడు.

ఏకాంబరం పరుగున గంగాధరం వెనక్కి వెళ్ళి, "అన్నా! గంగాధరమన్నా!" అన్నాడు. పెద్దగానే అన్నాడు. పెండ్లికూతురు కూడా తిరిగి చూసింది. గంగాధరం తిరగలేదు.

ఆ పక్క నుంచి ధనశేఖర్ గిటార్‌తో సహా నడిచి వచ్చాడు. చెప్పులు విప్పాడు. గంగాధరం బల్ల మీదికి ఒక కాలు పెట్టి, మడమతో దబ్బుమని తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. వేళ్ళు బేస్ వాయిస్తున్నాయి, కాలు బల్లను దంచుతోంది. గంగాధరం కళ్ళు తెరవకుండానే రెండు దెబ్బలు వెనక్కి సర్దుకుని, పాటలో పడ్డాడు.

ఏకాంబరం చెయ్యి బల్ల మీద ఆనింది. ఆ దబ్బు ఆయన అరచేతికీ తగిలింది. బల్ల, దాని మీద ఇంతకాలం డోలక్ వైపు తిరిగి ఉన్న పెట్టె, పొట్టి తీగ, "అట్లే కానీ", అన్నీ ఒక్కసారిగా ఆయన బుర్రలో వరుసలో కూర్చున్నాయి. మైకు కింద పెట్టి, ఉత్తరీయం నడుముకు చుట్టి వ్యాన్ దగ్గరికి పరుగెత్తాడు.

పెట్టెను డ్రైవర్ ఒక పక్క, ఏకాంబరం ఒక పక్క పట్టుకుని, ఫోటోలు తీయించుకుంటున్న చుట్టాల మధ్యలోంచి మోసుకొచ్చారు. "అన్నా, ఇంత పెద్ద చదివింపులా!" అన్నారెవరో. పెట్టెను బల్ల మీద దించారు. మొహం గంగాధరం వైపు తిప్పి పెట్టింది ఏకాంబరమే. ధనశేఖర్ గిటారుకు పొట్టి తీగ తగిలించి, పొడుగాటి తీగతో పెట్టెను మిక్సర్‌కు కలిపాడు. పెట్టె దుమ్మంది. గంగాధరం కళ్ళు తెరిచి, ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూసి నవ్వాడు. ఆ తర్వాత డోలక్ అదే పాత గడియారం.

భోజనాల దగ్గర ఏకాంబరం ధనశేఖర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆయప్పకి యినపడదని ఎట్ల కనుక్కున్నావు రా?"

"మునెమ్మక్క హోటల్లోనే అన్నా. పక్కనే ఫోను మోగతా ఉంటే ఎత్తలేదు. బల్ల మీద చెయ్యి పెట్టుకోని గ్రైండర్‌కి తాళం వేస్తా ఉండాడు. అక్క గ్రైండర్ ఆపుతానే తలెత్తి చూసినాడు."

"చెవి మిషను పెట్టుకోవచ్చు గదా?"

"పెట్టుకున్నాడంట. డోలక్ మీద దెబ్బ పడతానే అది కీ అని కూస్తాదంట. చంద్రకాంతమ్మత్త చెప్పింది." చంద్రకాంతమ్మ గంగాధరం భార్య.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం జేసుందువు?"

ఏకాంబరం వడ విరిచి, మళ్ళీ ఆకులో పెట్టేశాడు. "ఆయప్పని తీసేసుందును," అన్నాడు.

"అందుకే చెప్పలేదు."

"నీకు తెలుసని ఆయప్పకి తెలుసా?"

"ఏమో అన్నా. అడిగినా అట్లే కానీ అంటాడు."

ఎదురు వరుసలో గంగాధరం పాయసం రెండోసారి వేయించుకుంటున్నాడు. వడ్డించేవాడు సాంబారు కావాలా అని అడిగితే కూడా అదే జవాబు చెప్పాడు. పాయసం పక్కన సాంబారు పడింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

అప్పుడే హరినాథ్ చేతులు కడుక్కుని వచ్చాడు. కుడి చెయ్యి ఎంగిలి, ఎడమ చేత్తో దండం పెట్టలేక ఏకాంబరం ఊరికే లేచి నిలబడ్డాడు.

"పాటలు బాగుండాయప్పా. నడమ రవంత గందరగోళం అయినట్టుంది."

"సామీ, అదేందంటే..."

"అది వదిలెయ్. ఆ గిటారాయన చెప్పులిప్పి బల్ల తొక్కినాడే, అది ఎవురి అయిడియా? మా పిల్లోళ్ళు అందరూ సెల్లుల్లో తీసుకున్నారు. ముహూర్తాలన్నీ మీకే ఇస్తా. అయితే ప్రతి ప్రోగ్రాంలో ఆ తొక్కేది ఉండాల."

"ఉంటాది సామీ," అన్నాడు ఏకాంబరం. ధనశేఖర్ మెల్లగా తన మడమ వైపు చూసుకున్నాడు. అప్పటికే అది వాచి ఉంది.

మళ్ళీ సోమవారం వచ్చింది. శాంతయ్య అంగడి తెరిచి ఇంకా దీపం వెలిగించలేదు, ఏకాంబరం ఒక్కడే లోపలికొచ్చాడు. అటూ ఇటూ చూశాడు. చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు. పంచె ఎగగట్టి, అంగట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద స్పీకర్ పెట్టె మీదికి కష్టపడి ఎక్కాడు.

"మీకు గూడానా సార్?" అన్నాడు శాంతయ్య.

"గమ్మున స్విచ్చి వెయ్యప్పా," అని ఏకాంబరం కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి పెదవి విరిచాడు. "మడమకి వస్తా ఉండాది. వేళ్ళకి రాలేదు. ఇంకా పెద్దది ఉంటే తీయి."