చూడ్డానికి మాత్రమే ఇచ్చిన లాగిన్

ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకిచ్చిన లాగిన్‌తో రౌటర్లను చూడొచ్చు గానీ, ఏమీ మార్చకూడదు. నాచారంలో ఒక టైల్స్ షాపు మీద రెండు గదుల ఆఫీసు మాది. చుట్టుపక్కల క్లినిక్కులకూ, గోడౌన్లకూ, ఒకట్రెండు స్కూళ్ళకూ నెట్‌వర్క్ పనులు చూసేవాళ్ళం. పొద్దున్నే రాగానే ఒక్కో చోటి రౌటర్‌లోకి వెళ్ళి, నల్లటి తెర మీద ‘షో ఐపీ రూట్’ అని కొట్టి, వచ్చింది చదవాలి. ఫలానా చోటికి పోవాల్సిన డేటా ఏ దారిన పోవాలో రౌటర్ దగ్గర ఉండే పట్టిక అది. ఒక్కో వరుస ముందు ఒక అక్షరం ఉంటుంది. ‘సీ’ అంటే ఆ తీగ నేరుగా తనకే తగిలించి ఉందని. ‘ఎస్’ అంటే ఎవరో మనిషి కూర్చుని రాసిన దారి అని. నిన్న ఉన్నవన్నీ ఇవాళా ఉన్నాయా అని చూసి, సీనియర్‌కు చెప్పాలి. నా పని అంతే.

ఆ ‘అంతే’ నాకు పడేది కాదు. పెళ్ళికి ముందు నేను ఇదే పని చేశాను. తర్వాత బాబు పుట్టాడు, వాడికి ఆయాసం, ఆస్పత్రుల చుట్టూ తిరగడం, అలా చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉండిపోయాను. వాడు హైస్కూలుకొచ్చాక మళ్ళీ బయటికొచ్చాను. వచ్చాక చూస్తే, నా చేతులు ఏమీ మర్చిపోలేదు. ఏ వరుసలో ఏం మార్చాలో తెలుస్తూనే ఉండేది, మార్చే వీలు మాత్రం లేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా, కిటికీ నుంచి వాటర్ క్యాన్ దాకా ఊరికే తిరిగేదాన్ని. “కాళ్ళు నొప్పులు పుట్టవా అక్కా?” అని నవ్వేవాడు సీనియర్.

అతను నాకంటే బాగా చిన్నవాడు, జనగామ వైపు వాడు. మొదటి రోజు ‘సార్’ అంటే చెవులు మూసుకున్నాడు. కానీ పని విషయంలో కచ్చితం.

“నువ్వు సూడు, సూసి నాకు జెప్పు. చెయ్యి మాత్రం పెట్టకు. నీకంటె ముందున్నాయన నడుస్తున్న రౌటర్ల ఏందో టైప్ జేసిండు. స్కూల్ మొత్తం బందైంది. తిట్లు నాకు పడ్డయి.”

నేను తలూపేదాన్ని. లోపల మాత్రం ఉడికిపోయేదాన్ని.

ఒక సోమవారం పొద్దున్న నాచారంలోనే ఉన్న ఒక రక్తపరీక్షల సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ శాంపిళ్ళు తీసుకుని ఉప్పల్‌లోని వాళ్ళ పెద్ద ల్యాబ్‌కు పంపిస్తారు. అక్కడ డాక్టర్ చూసి ఓకే చేసిన రిపోర్టు ఇక్కడ ప్రింటవుతుంది. ఫోన్ చేసింది రిసెప్షన్ అమ్మాయి.

“మేడం, పొద్దుగాల నుంచి ఒక్క రిపోర్ట్ గూడ వస్తలేదు. ఉప్పలోళ్ళేమో పంపినమంటున్నరు. ఇక్కడ జనం నా మీద పడుతున్నరు.”

సీనియర్ ఆ పూట సెలవు. కూతురికి స్కూల్ అడ్మిషన్ ఇంటర్వ్యూ. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఓనర్ మల్లాపూర్‌లో ఏదో ఫ్యాక్టరీ వాళ్ళతో మీటింగులో ఉన్నారు. “వెళ్ళి చూడండి. అతను ఫోనెత్తాక ఏం చెయ్యాలో చెప్తాడు” అని పెట్టేశారు.

ల్యాప్‌టాప్ సంచీ భుజానికి తగిలించుకుని షేర్ ఆటో ఎక్కాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా దిగి నడిస్తే త్వరగా పోతానేమో అనిపించేది. ఒకసారి దిగాను కూడా. ఆటో నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

సెంటర్‌లో బెంచీలన్నీ నిండిపోయి, జనం తలుపు దాకా నిలబడి ఉన్నారు. నన్నూ నా సంచీనీ చూడగానే ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. ఫ్యాక్టరీ ఖాకీ చొక్కా, చేతిలో మడత పెట్టిన రసీదు.

“బిడ్డా, మిషన్ బాగు జేసేది నువ్వేనా? నా పెండ్లాముకు హబ్సిగూడ దవాఖానల ఆపరేషన్. గా రక్తం కాగితం సూడంగనే లోపటికి తీస్కపోతమన్నరు. పగటి బువ్వ యాళ్ళకు డాక్టర్ ఎల్లిపోతడంట.”

“ఉప్పల్ పోయి తెచ్చుకోమన్న మేడం, వింటలేడు,” అంది రిసెప్షన్ అమ్మాయి.

“గా ట్రాఫిక్‌ల నేను పోయొచ్చేసరికి డాక్టర్ ఉంటడా?” అన్నాడాయన. ఆయన గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

రౌటర్ రక్తం తీసే గది వెనక, మెట్ల కింద ఉంది. స్టూలు మీద ఒంగి కూర్చుంటే తప్ప తల పట్టదు. కేబుల్ తగిలించి, పట్టిక తెరిచాను. ఉప్పల్ ల్యాబ్‌కు పోయే దారి చక్కగా ఉంది. రోజూ చూసే వరుసే, ఒక్క అంకె కూడా మారలేదు. ఆఫీసులో ఉండుంటే “అన్నీ ఉన్నాయి” అని చెప్పేసేదాన్ని. పింగ్ కొట్టాను. అంటే ఉప్పల్ రౌటర్‌ను ‘ఉన్నావా’ అని పిలవడం. బదులొస్తే ఆశ్చర్యార్థకాలు పడతాయి, రాకపోతే చుక్కలు. వరసగా చుక్కలే పడ్డాయి.

నాకు విషయం అర్థమైంది. ఉప్పల్ లైను మధ్యలో ఎక్కడో తెగింది. కానీ ఆ లైను వచ్చి చేరే చిన్న పెట్టె ఈ గదిలోనే ఉంది, దాని లైటు వెలుగుతూనే ఉంది. రౌటర్‌కు ఆ పెట్టె దాకానే తెలుసు. తీగ బాగానే ఉందనుకుని, ఉప్పల్‌కు పోవాల్సినదంతా తెగిన లైన్లోకే తోసేస్తోంది. ఇంటర్నెట్ మీదుగా ఇంకో దారి కూడా రాసి ఉంది, సీనియర్ నాకు చూపించాడు. మొదటి దారి పట్టికలోంచి పోతే గానీ రెండోది పైకి రాదు. మొదటిదాన్ని తీసెయ్యాలి. తీసేసే లాగిన్ నా దగ్గర లేదు.

మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. తలుపు సందులోంచి పెద్దాయన చెప్పులు కనిపిస్తున్నాయి. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. నేను కూర్చోలేకపోయాను, లేవబోతే తల మెట్టుకు తగిలింది.

అప్పుడు తట్టింది. టైప్ చెయ్యడానికి పర్మిషన్ కావాలి గానీ, తీగ పీకడానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. ఆ పెట్టె నుంచి రౌటర్‌లోకి వచ్చే తీగ తీసేస్తే దారి లేదని దానికే తెలుస్తుంది. ‘చెయ్యి మాత్రం పెట్టకు’ అన్న మాట చెవిలో ఉండగానే పీకేశాను. పట్టిక మళ్ళీ తెరిచాను. ఉప్పల్ వరుస ఉంది, దాని పక్కన దారి మారింది. పింగ్ కొట్టాను.

మళ్ళీ చుక్కలే.

ఉన్నదీ చెడగొట్టానా? కళ్ళు మూసుకుని అవతలి వైపు నుంచి ఆలోచించాను. నా పిలుపు కొత్త దారిన ఉప్పల్ చేరుతోంది. ఉప్పల్ రౌటర్ మాత్రం తన బదులును పాత దారినే పంపుతోంది. అక్కడి తీగ కూడా తీయాలి. ల్యాబ్‌కు ఫోన్ చేస్తే ఒక టెక్నీషియన్ ఎత్తింది.

“రౌటర్‌లోంచి ఒక వైరు తియ్యాలమ్మా, నేను చెప్తాను.”

“అమ్మో, నేను వైర్ల జోలికి పోను మేడం. ఇంకేమన్నా బందైతే?”

“బందైతే నేను చెప్పానని చెప్పండి. నాచారం అని చీటీ ఉన్న వైరు చూడండి.”

“చీటీలన్నీ ఊడిపోయినయి మేడం. అన్నీ పసుప్పచ్చవే ఉన్నయి.”

“గోడకు ఒక చిన్న పెట్టె ఉందా, లైటుతో? అందులోంచి వచ్చే వైరు పట్టుకుని, వదలకుండా రౌటర్ దాకా రండి.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరితోనో “జర జరుగన్నా” అంది. తర్వాత చాలాసేపు ఊపిరి చప్పుడే.

“పట్టుకున్న మేడం. పీకన్నా?”

“పీకండి.”

పింగ్ కొట్టాను. ముందు ఒక చుక్క పడింది, ఆ వెంటనే వరసగా ఆశ్చర్యార్థకాలు. నేనేమీ అనకముందే ముందు గదిలో ప్రింటర్ కదిలింది, రిసెప్షన్ అమ్మాయి “వస్తున్నయ్!” అని అరిచింది. నేను మెట్ల కింద నుంచి బయటికొచ్చేసరికి పెద్దాయన కాగితం పట్టుకుని గుమ్మం బయటి మెట్లు దిగుతున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడే గానీ ఆగలేదు. ఆ ఆపరేషన్ ఏమైందో నాకు తెలియదు. తర్వాత ఒకసారి రిసెప్షన్ అమ్మాయిని అడిగితే ఆమెకూ తెలియదంది.

సీనియర్ అడ్మిషన్ పని చూసుకుని సరాసరి సెంటర్‌కే వచ్చాడు. హెల్మెట్ కూడా తియ్యకుండా తెర ముందు కూర్చుని పట్టిక చూశాడు. వేలాడుతున్న తీగ చూశాడు.

“పీకినవా?”

“మీరు ఫోనెత్తలేదు.”

“ఇస్కూలోళ్ళు ఫోన్లు బైటనే పెట్టించిన్రక్కా.” హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తిడతాడని నేను ఎదురు తిరగడానికి సిద్ధంగా నిలబడ్డాను. “ఒకటి జెప్పన్నా? గీ రెండో దారి నేనే రాసిన. గని ఎన్నడు నడిపి సూడలె. పని జేస్తదో లేదో నాకే తెల్వది.”

“తెలియదా?”

“తెల్వది. నేనుంటే పీకకపోతుంటి. భయపడుతుంటి.”

ఇద్దరం నవ్వాం. తర్వాత లైను కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటే, ఉప్పల్ దగ్గర రోడ్డు పనిలో ఎవరో తవ్వుతూ లైను తెంపారట.

ఆ సాయంత్రమే ఓనర్ గదిలోకి వెళ్ళి, మార్చే వీలున్న లాగిన్ కావాలని అడిగాను. సెంటర్ వాళ్ళు ఫోన్ చేసి మెచ్చుకున్నారని ఆయన చెప్పి, “చూద్దాం మేడం, కొన్నాళ్ళు పోనివ్వండి,” అన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. ఎన్నాళ్ళని అడిగాను. ఆయన గుమ్మంలో నిలబడ్డ సీనియర్ వంక చూశారు.

“ఇయ్యండి సార్,” అన్నాడతను. “ఇయ్యకుంటే ఈమె వైర్లన్ని పీకుతది.”

వారంలో లాగిన్ వచ్చింది, ఉప్పల్ ల్యాబ్‌కూ నాచారం సెంటర్‌కూ మాత్రమే. మిగతా చోట్ల ఇంకా చూడ్డమే. మొదటి రోజు ఆ రెండు రౌటర్లలోకీ వెళ్ళాను. మార్చాల్సింది ఏమీ లేదు, అన్నీ బాగానే నడుస్తున్నాయి. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ వచ్చి కూర్చుని, మిగతా చోట్లకు కూడా లాగిన్ కావాలని ఓనర్‌కు మెయిల్ రాయడం మొదలుపెట్టాను.