వెర్నన్ కత్తులు

మా ఆమోసు కత్తుల పిచ్చి చూసి అమెరికాలో మా ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చివాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. వారమంతా కార్ల కంపెనీలో బ్రేకుల డ్రాయింగులు గీసే మనిషి, శనివారం వస్తే పాత సామాన్ల సంతల్లో జేబుకత్తులు వెతుక్కుంటూ తిరిగేవాడు. ఏదో ఒక కత్తి అంటే కుదరదు. పిడి తుపాకీ మడమలా వంపు తిరిగి, ఒక కొస వెడల్పుగా ఉండే గన్‌స్టాక్ కత్తే కావాలి మహానుభావుడికి!

ఈ పిచ్చి అంటించింది పక్కింటి ముసలాయన వెర్నన్. ఆమోసు భార్య పోయాక, అతని తలుపు తట్టే మనిషి ఆయనొక్కడే. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, కత్తి మడిచినప్పుడల్లా టక్కుమనే చప్పుడుకి మురిసిపోయేవాళ్ళు. ఏళ్ల తరబడి వాడగా బ్లేడుకి పట్టిన నీలం, నలుపు, అదే కత్తికి అందమట. దాన్ని తోమడం మహాపాపమట.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో వెర్నన్ మంచాన పడ్డాడు. ముసలివాళ్ళ హోమ్‌కి వెళ్తూ తన కత్తులు ఆమోసుకి అప్పగించి, "ఇలాగే ఉంచు. నేను పోయేలోగా ఒక్కసారి తెచ్చి చూపించు" అన్నాడు. రోజులు దగ్గర పడ్డాయని తెలిసి, ఆమోసు నన్నూ తోడు రమ్మన్నాడు.

నేను వెళ్ళేసరికి, భీమవరం నుంచి వచ్చి ఉన్న వాళ్ళమ్మ జ్ఞానమ్మ గారు చేతులు తుడుచుకుంటున్నారు.

"చూడు జోసఫ్ బాబూ! చావుబతుకుల్లో ఉన్న పెద్దాయన దగ్గరికి ఈ మకిలి కత్తులు పట్టుకెళ్తాడట. సిగ్గుచేటు కాదూ? పొద్దున్నే లేచి చింతపండు, ఉప్పు వేసి, ఇనప పీచుతో తోమేశాను."

కత్తులు కొత్త చెంచాల్లా తళతళలాడుతున్నాయి. బ్లేడు మీద కంపెనీ పేరు అరిగిపోయింది. వేణ్ణీళ్ళలో నాని ఎముక పిడులు వెలిసిపోయాయి. ఆమోసు ఒక్కో కత్తినీ తిప్పి చూశాడు.

"బాగున్నాయమ్మా" అన్నాడు. ఏం మనిషివిరా నాయనా! నేనైతే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి.

హోమ్‌లో వెర్నన్ ఒక కత్తి అందుకున్నాడు. బ్లేడు మీద బొటనవేలితో పేరు కోసం తడిమాడు. మరొకటి, ఇంకొకటి.

"ఇవి నావి కావు. నావి అమ్ముకున్నావా?"

"లేదు వెర్నన్, మీవే. మా అమ్మ టామరిండ్‌తో క్లీన్ చేసింది."

"దేంతో?"

"పుల్లటి పండు. మేం వంటలో వేసుకుంటాం."

"చచ్చేవాడికి కట్టుకథలు చెప్తావా?" అని ముసలాయన కత్తులన్నీ మంచం మీంచి తోసేసి, గోడవైపు తిరిగిపోయాడు. ఆమోసు నేల మీద కూర్చుని ఏడుస్తూ వాటిని ఏరుకున్నాడు.

ఇంటికొచ్చాక జ్ఞానమ్మ గారు ఎదురొచ్చారు. "మెచ్చుకున్నాడా నాన్నా?"

"చాలా మెచ్చుకున్నాడమ్మా."

ఆవిడ కళ్ళు మూసుకుని వెర్నన్ కోసం ప్రార్థన చేశారు.

ఆ వారమే వెర్నన్ పోయాడు. ఫ్యూనరల్‌కి ఆమోసు సూట్ వేసుకుని వెళ్తే, వెర్నన్ కూతురు గుమ్మంలోనే ఆపేసింది. "నిన్ను లోపలికి రానివ్వొద్దని నాన్న చెప్పి పోయారు" అంది.