దేవుడికి వేరే బ్యాటరీ

మా బావ పోయాడు. పిట్లంలో ట్రాక్టరు టైర్ల దుకాణం ముందు బేరమాడుతూనే కూలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. అప్పుడు నేను బాన్సువాడలో నా దుకాణం ముందు ఒక కారు బానెట్‌లో తల దూర్చి ఉన్నాను. అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ లేడురా" అంది. "ఎటు పోయిండు?" అని విసుక్కున్నాను. ఆ మనిషి ఊసెత్తితే విసుక్కోవడం నాకు అంతగా అలవాటైపోయింది.

చావుకు వచ్చినవాళ్లంతా బంగారం లాంటి మనిషి అన్నారు. బతికుండగా ఆయన్ని చూసి పక్క సందులోకి తప్పుకున్నవాళ్లు కూడా అన్నారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. బంగారం కాదు, వట్టి మొండిఘటం. బావను తిట్టే హక్కు బామ్మర్దికి పుట్టుకతో వస్తుంది. ఆయన పోయాడు కదా అని నేను దాన్ని వదులుకోను.

ఆయనది వర్ని దగ్గర కాలువ కింద వరి సాగు. పొలం సంగతి బాగా తెలుసు. యంత్రం సంగతి బొత్తిగా తెలియదు, తెలియదన్న సంగతి అంతకన్నా తెలియదు. హెడ్‌లైటు మసకబారితే తువ్వాలతో అద్దం తుడిచి "ఇగ చూడు" అనేవాడు. ఎక్కడికైనా వెళ్లొచ్చాక కారు బానెట్ మీద అరచేత్తో తట్టి, "అలసిపోయింది పాపం, జర పండనియ్యి" అనేవాడు. నేను కార్ల కరెంటు పని చేసేవాణ్ణి. నా కళ్లముందే ఈ మాటలు మాట్లాడటానికి ఎంత ధైర్యం ఉండాలి!

ఆ పాత కారును అక్క కోసమే కొన్నాడు. అక్కకు రొమ్ములో గడ్డ వచ్చింది. మూడు వారాలకోసారి హైదరాబాదు వెళ్లి మందు ఎక్కించుకోవాలి. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆమె పడే యాతన చూడలేక కారు తెచ్చాడు. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత ఒక రోగం పట్టుకుంది. షెడ్డులో నాలుగు రోజులు ఊరికే నిలబెడితే చాలు, బ్యాటరీ చచ్చేది. తాళం తిప్పితే టక్కుమనేది, అంతే. పక్క ట్రాక్టరు నుంచి తీగలు కలిపి లేపాల్సి వచ్చేది.

దానికి ఆయన చేసిన వైద్యం వింటే నవ్వాలో తల బాదుకోవాలో తెలియదు. ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. తర్వాత ఎదురింటివాళ్ల కళ్లు మంచివి కావని షెడ్డుకు పరదా కట్టాడు. తర్వాత కొత్త బ్యాటరీ కొన్నాడు. అదీ చచ్చింది. "గిప్పటి బ్యాటరీలల్ల దమ్ము లేదురా" అని తేల్చేశాడు. నా దగ్గరికి తెమ్మంటే మాత్రం తెచ్చేవాడు కాదు. "నీకు పనుంటది లే" అనేవాడు. నా పని మీద అంత గౌరవం ఆయనకు అంతకు ముందెప్పుడూ లేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఒకసారి మందు ఎక్కించే రోజు పొద్దున్నే కారు లేవలేదు. ట్రాక్టరు పొలంలో బురదలో దిగబడి ఉంది. కిరాయి బండి దొరికేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. తారీకు తప్పింది. గడ్డ మళ్లీ పెరిగితే ఎవరిది పూచీ అని డాక్టరమ్మ కోప్పడిందట. అక్క ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మర్నాడే నేను బావను అడక్కుండా మీటరు తీసుకుని వెళ్లాను.

కారు తాళంచెవి తీసి, తలుపులన్నీ మూశాను. బ్యాటరీ మైనస్ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టాను. అంకె ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. నిద్రపోతున్న కారు అంత కరెంటు తాగకూడదు. ఏదో ఒకటి మేలుకొని ఉందన్నమాట. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోయాను. అన్నీ అయిపోయాయి, మీటరులో అంకె మాత్రం కదల్లేదు. అంటే ఫ్యూజుల పెట్టెకు అందకుండా, ఎవరో వెధవ నేరుగా బ్యాటరీ నుంచి తీగ లాగాడు. తిట్టుకుంటూ ముందు సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు పెట్టె మీద చెయ్యి ఆనించాను. నీడలో ఉన్న కారులో ఆ మూత వెచ్చగా ఉంది.

పెట్టెకు తాళం. తాళంచెవి, అప్పుడే షెడ్డులోకి వచ్చిన బావ మొలతాడుకు.

"తీయి" అన్నాను.

"అండ్ల కాయిదాలున్నయ్‌రా."

"కాయిదాలు వేడెక్కుతయా బావా? తీయి!"

తీశాడు. లోపల అరచేతంత దేవుడి పటం, దాని ముందు ఎర్రని చిన్న బల్బు. పటం అంచు మాడి గోధుమరంగు తేలింది. బావ నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"మీ అక్క మందులన్ని అయ్యేదాక దీపం కొండెక్కనియ్యనని మొక్కిన. ఇంట్ల పెడితే కరెంటు పోతది గద. బ్యాటరీకి కోత లేదు. మల్ల ఆమెను తీస్కపోయేది గిదే గద."

"ఎవనితోని పెట్టించినవ్?"

"కోటగిరిల. నీకు చెప్తే తిడ్తవని."

తిట్టాను. సొంత బామ్మర్దిని పెట్టుకుని కోటగిరిదాకా పోయినందుకు తిట్టాను. పెట్టెలో నిప్పు దాచుకుని పక్కనే అక్కను కూర్చోబెట్టినందుకు ఇంకా తిట్టాను. "నువ్వు పెట్టిన దీపమే ఆమెను దవాఖానకు పోనియ్యలే, సమజైందా?" అన్నాను. ఆయన బానెట్ దగ్గరికి పోయి మీటరులో ఆ అంకెను చాలాసేపు చూశాడు. అందులో ఆయనకు అర్థమయ్యేదేమీ లేదు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి.

తీగ కోస్తానంటే మాత్రం అడ్డం పడ్డాడు. కారైనా అమ్ముతాడట, దీపం ఆర్పడట. చివరికి నేనే రెండు పాత మోటారుసైకిలు బ్యాటరీలు తెచ్చి, ఒకటి డిక్కీలో పెట్టి, దేవుణ్ణి దానికి తగిలించాను. బల్బు తీసేసి చుక్కంత ఎల్ఈడీ పెట్టి, పటాన్ని పెట్టెలోంచి బయటికి తెచ్చాను. "గిది దీపం లెక్క లేదురా, డాక్టరు కంట్లెకు కొట్టే టార్చి లెక్కుంది" అని దానికీ వంక పెట్టాడు. దేవుడు నాతో ఏ ఫిర్యాదూ చెయ్యలేదు.

ఆ తర్వాత కారు ఒక్కరోజూ మొరాయించలేదు, తారీకు తప్పలేదు. వారం వారం బావ దేవుడికి రెండో బ్యాటరీ తగిలించి, దిగిపోయినదాన్ని బైకు మీద పెట్టుకుని చార్జింగుకు నా దుకాణానికి వచ్చేవాడు. అది ఎక్కేదాకా బెంచీ మీద కూర్చుని, నా చాయి తాగుతూ, నేను బాగుచేస్తున్న బండ్లన్నిటికీ జబ్బులు చెప్పేవాడు. ఒక్కటీ నిజమయ్యేది కాదు. అక్క మందులు పూర్తయ్యాయి, జుట్టు మళ్లీ వచ్చింది. అయినా రావడం మానలేదు. "మొక్కు అయిపోయింది గద బావా" అంటే, "అలవాటైంది, నీ మొఖం చూడనీకి రాలే" అనేవాడు. ఇప్పుడు ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నా నాకు చిరాగ్గా ఉంది. ఆయన లేని లోటు చాలా పెద్దది. ఇలా నన్ను బాధపెట్టినందుకు కూడా ఆయన మీద కోపంగానే ఉంది.

కర్మకాండ అయిన తర్వాత అక్కకు పరీక్ష తారీకు వచ్చింది. తోడు వెళ్దామని వాళ్ల ఊరు పోయాను. అక్క అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉంది. "బాన్సువాడ దాక నేనే నడుపుత. అవతల నువ్వు తీస్కో" అంది. పెళ్లికి ముందు నాన్న ట్రాక్టరు నడిపిన మనిషే, నాకేం భయం లేదు. కానీ బావ ఆరడుగుల మనిషి, సీటు వెనక్కి జరిపి ఉంది. ఆమె కాలి వేళ్లు కూడా క్లచ్‌కు అందడం లేదు. నేను వంగి సీటు కింది మీట పట్టుకున్నాను.

నా చేతి మీద చరిచింది. "జరపకు."

"గిట్ల నడిపితే క్లచ్చు కాలిపోతది అక్కా. బావ తెలివే అంటుకుందా నీకు?"

"కాలితే కాలనియ్యి. నువ్వున్నవ్ గద బాగుచేయనీకి."

సీటు అంచు మీదికి జరిగి, స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, కారును కుదుపుతూ కాలువ గట్టు రోడ్డు ఎక్కించింది. నేను పక్కన కూర్చుని గేర్ల మోతకు పళ్లు కొరుక్కున్నాను. ఆమె వీపుకూ సీటుకూ మధ్య ఇంకో మనిషి కూర్చునేంత జాగా ఉంది. గతుకు వచ్చినప్పుడు కూడా ఆమె దాన్లోకి వాలలేదు.