ఇమాం గారు ఆపిన అజాన్

నా చిన్నప్పుడు రేపల్లెలో మా ఇంట్లో నాయనమ్మ మాటే మాట. పరుపులు కుట్టే కుటుంబం మాది. దూది మధ్య కూర్చుని, ముక్కుకు కొంగు కట్టుకుని, ఇంటిల్లిపాదినీ ఆడించేది. పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. అలాంటి మనిషికి షుగరు జబ్బు వచ్చింది. రోజూ పొద్దున టిఫిను ముందు ఒక మాత్ర వేసుకోవాలి. మాత్ర మీద ఆవిడకు కోపం లేదు గానీ, జబ్బు మనిషి అనిపించుకోవడం మహా నామోషీ.

రంజాను నెల వస్తోందనగా నాన్న ఆవిడను డాక్టరుకు చూపించాడు. ఈ జబ్బుతో ఒక్కపొద్దులు ఉండకూడదని ఆయన ఒక్క ముక్కలో తేల్చేసి తర్వాతి మనిషిని పిలిచాడు. నాయనమ్మ లేచి వచ్చేసింది. నెలవంక కనబడ్డ మర్నాడు మాత్రం తెల్లవారకముందే అందరితోపాటు సహరికి కూర్చుని, నాలుగు ముద్దలు తిని, పొద్దుటి మాత్ర అప్పుడే వేసేసుకుంది. మాత్ర మానలేదు కదా, ఇంకేం కావాలని ఆవిడ ధీమా. మా ఇళ్లలో చాలామంది చేసే పొరపాటే అది. కడుపు ఖాళీగా ఉన్నా మాత్ర తన పని తాను చేసుకుపోతుందని ఎవరికీ తోచలేదు. నాన్నకు లోపల భయమే. కానీ ఒక్కపొద్దు ఉంటానన్న తల్లిని వద్దనే ధైర్యం ఏ కొడుక్కి ఉంటుంది?

మొదటి రోజులు బాగానే గడిచాయి. ఒకనాడు సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, పరుపు కుడుతున్న నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది. వేళ్లు వణుకుతున్నాయి. రవిక చెమటకు తడిసిపోయింది. నన్ను మా మేనత్త పేరుతో పిలిచి నీళ్లు కాచమంది, ఎందుకు కాస్తున్నావని మళ్లీ తనే తిట్టింది. నాకు నవ్వొచ్చింది. దగ్గరికి వెళ్లి ఆ కళ్లు చూశాక అర్థమైంది. ఆవిడ నన్ను గుర్తుపట్టడం లేదు.

అమ్మ మసీదు ఇమాం గారికి కబురు పంపి, పక్కింటి అక్కను కేకేసింది. అక్క ఆసుపత్రిలో నర్సు. వస్తూనే నాయనమ్మ చెయ్యి పట్టుకుని, “షుగరు పడిపోయిందండి. పంచదార నీళ్లు పట్టండి, ఆలస్యం చెయ్యకూడదు” అంది. గ్లాసు దగ్గరికి తేగానే నాయనమ్మ తోసేసి పళ్లు బిగించింది. మనుషుల్ని మరిచిపోయింది గానీ ఒక్కపొద్దును మరవలేదు. “పొద్దుగూకనీ” అని ముద్దముద్దగా అంటోంది. బలవంతంగా పోస్తే పొరబోతుందని అక్క భయం. పొద్దుగూకేదాకా ఆగితే మనిషి దక్కదని కూడా అక్కే చెప్పింది.

అప్పుడు బాబాయికి ఒక ఉపాయం తట్టింది. పెరట్లోంచి తనే సాయంత్రపు అజాన్ ఇస్తాడట. పొద్దుగూకిందనుకుని ఆవిడ నోరు తెరుస్తుంది. నాన్న సరేనన్నాడు. అక్క కూడా ఏదో ఒకటి త్వరగా చెయ్యమంది. బాబాయి చెవుల దగ్గర చేతులు పెట్టుకున్నాడో లేదో, అప్పుడే వచ్చిన ఇమాం గారు ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాడు.

“వద్దు నాయనా. తేరుకున్నాక బయట ఎండ చూస్తుంది. ఇక ఈ ఇంట్లో ఎవరి మాటా నమ్మదు, నా అజాన్ కూడా నమ్మదు.”

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. మనిషి పోయేట్టుంటే ఈయన గోల ఏంటి అనుకున్నాను. ఆయన నాయనమ్మ ముందు నేల మీద కూర్చుని గ్లాసు అందుకున్నాడు. “అమ్మా, ఇంకా పొద్దుగూకలేదు. అయినా నువ్వు తాగాలి. జబ్బు చేసిన వాళ్లకి అల్లాయే సెలవిచ్చాడు. ఆయన ఇచ్చింది కాదంటావా?” అదే మాట మళ్లీ చెప్పాడు, మళ్లీ చెప్పాడు. గొంతు పెంచలేదు గానీ గ్లాసులో నీళ్లు తొణుకుతున్నాయి. ఆయనకూ భయంగా ఉందని అప్పుడు తెలిసింది. చివరికి, “రేపు పైన అడిగితే నా పేరు చెప్పమ్మా” అన్నాడు. నాయనమ్మ నోరు తెరిచింది.

అక్క గుక్క గుక్కగా పట్టింది. ఆ తర్వాత అన్నం కూడా తినిపించాకే కదిలింది. నాయనమ్మ తేరుకుని వాకిట్లో ఎండను చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఇమాం గారు లేచి వెళ్లలేదు, ఊరుకోమని కూడా అనలేదు. ఏడుపు తగ్గాక, ఈసారికి ఒక్కపొద్దులు వద్దని, బదులుగా పేదలకు అన్నం పెట్టమని చెప్పాడు. మర్నాటి నుంచి ఆవిడే వండి, ఆవిడే వడ్డించింది. పప్పులో ఉప్పు తక్కువైందన్న ముసలాయనతో పోట్లాడింది కూడా. మరుసటి ఏడు రంజానుకు ముందే ఇమాం గారు, అక్క కలిసి ఆవిడను తెనాలిలో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో ఆయన అడిగి, మాత్ర తగ్గించి సాయంత్రం ఇఫ్తారు పూటకు మార్చాడు. ఒళ్లంతా చెమటలు పడితే ఆ క్షణమే ఒక్కపొద్దు విడవాలని మాట తీసుకున్నాడు. నాయనమ్మ కొన్ని ఉంది, కొన్ని విడిచింది. దేన్నీ దాచలేదు.

అక్కను చూసి నేనూ నర్సునయ్యాను. రిటైరయ్యాక కూడా రంజానుకు ముందు బాపట్లలో ఒక క్లినిక్కుకు వెళ్లి, షుగరున్నవాళ్లతో కూర్చుంటాను. మొన్నటిసారి ఒక పెద్దాయనను కొడుకు తీసుకొచ్చాడు. ఆయనకు షుగరుతోపాటు మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. ఏవో పరీక్షలున్నాయని చెప్పి రంజాను నెలంతా ఆసుపత్రిలో ఉంచెయ్యండి మేడం అని కొడుకు చాటుగా బతిమాలాడు. నేను లోపలికి వెళ్లి, ఆయన పక్కన కుర్చీ వేసుకుని, “బాబాయ్, మీరు ఇక ఒక్కపొద్దు ఉండకూడదండి” అని చెప్పాను. ఆయన నా ముందే ఏడ్చాడు. బయట జనం చాలామంది ఉన్నారు. అయినా ఆయన ఏడుపు అయ్యేదాకా నేను లేవలేదు.