నాలుగో గడి

నాందేడ్‌లో నందకిషోర్ సేట్ పప్పుమిల్లుకు రామచందర్ పంతొమ్మిదేళ్లుగా మేస్త్రీ. గుప్పెడు కందులు పిసికి, ఎంత పప్పు దిగుతుందో నోటిలెక్కన చెప్పేసేవాడు.

శనివారం పని ముగిశాక మిషన్ కింద ఊడ్చిన నూకను కందులు ఏరే ఆరుగురు ఆడవాళ్లకు తలా ఒక డబ్బా పంచేవాడు. సేట్ తండ్రి కాలం నాటి అలవాటది. ఇవ్వమన్నవాళ్లూ లేరు, వద్దన్నవాళ్లూ లేరు. వాళ్లలో పెద్దది ఎంకవ్వ. మొగుడు మంచం పట్టాక ఆ డబ్బాతోనే వారమంతా పప్పు వండేది.

డెబ్బై ఎనిమిదిలో సేట్ పూణె పోయి, మిల్లు నడిపే పద్ధతుల మీద వారం రోజులు పాఠాలు విని, అచ్చు వేయించిన కార్డులతో వచ్చాడు. వాటిలో మూడు గడులు: పప్పు, నూక, పొట్టు. ఎండి తగ్గేది పోను మూడూ కలిపితే, పోసిన కందుల తూకం రావాలి.

రాలేదు.

"వారం వారం పన్నెండు కిలోలు యాడికి పోతున్నయ్ రామచందర్?"

"నా మీద అనుమానమా సేట్‌జీ?"

"నేనడుగుతలే. కార్డు అడుగుతున్నది."

ఆ మాట రామచందర్‌కు ముల్లులా దిగింది. ఆ శనివారం స్కేలు పెట్టి నాలుగో గడి గీశాడు. 'ఏరేవాళ్లకు, 12 కిలోలు' అని రాశాడు.

"అవ్వా, మీ నూక కార్డుకెక్కింది. ఇగ ఎవలూ కదపలేరు."

ఎంకవ్వ నవ్వింది. "నా పేరు ఓట్ల కాగితంల తప్ప యాడ ఎక్కలే. నూకకన్న ఆ అదృష్టం అచ్చింది తియ్."

సోమవారం సేట్ పిలిచాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఊడ్సింది ఇస్తరని తెల్సు గని గింతని తెల్వది. ఏడాదికి ఆరు క్వింటాళ్లు. కండ్ల ముంగట రాసిపెట్టినంక ఎట్ల ఇడుస్త?"

"ఆ గడి కొట్టేస్త సేట్‌జీ."

"కొట్టేస్తే ఇచ్చినవో లేదో మళ్ల నిన్నే అడగాలె గద. ఉండనియ్. వారం వారం సున్న పెట్టు."

శనివారం ఆరు డబ్బాలూ వరసగా వచ్చి నిలబడ్డాయి. రామచందర్ నూకంతా సంచిలోకి ఎత్తించి, మూతి కుట్టించాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"ఏంది మేస్త్రీ, కార్డుకెక్కిందంటివి?" అంది ఎంకవ్వ. "యాడున్నదో సూపియ్."

చదువు రాని మనిషి. రామచందర్ నాలుగో గడి మీద వేలు పెట్టాడు. ఆమె వంగి ఆ సున్నను చాలాసేపు చూసింది.

"గిదేనా మాది?"

ఔనన్నట్టు తలూపాడు. ఎంకవ్వ ఖాళీ డబ్బాకు మూత పెట్టుకుంది.