చేతికి నీళ్లు పోసిన హోటలు

మా ఆయన ధర్మాత్ముడనీ, అడిగినవాడికీ అడగనివాడికీ అన్నం పెట్టి పెట్టి హోటలు పోగొట్టుకున్నాడనీ ఆళ్లగడ్డలో మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో చివరి పంక్తి లేచేసరికి ఈ కథ మొదలవుతుంది. అందులో నేను ఆఖర్న వస్తాను, గల్లాపెట్టె మీద కూర్చున్న కాలేజీ గయ్యాళిగా. గయ్యాళి అన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. హోటలు పోలేదు, అది మొదటి మాట. ధర్మాత్ముడన్నది రెండో తగాదా. ఆయనది దానగుణం కాదు, సిగ్గు. ఊరికే తిన్నవాళ్లకు ఆ తేడా తెలుసుకునే అవసరం రాలేదు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది మేము ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చాం. అన్నదమ్ముల భాగాల్లో కాలువ కింది మళ్లు పెద్దవాళ్లకు పోయి, వాన కోసం ఎదురుచూసే మెట్ట మా ఆయనకు వచ్చింది. వాన రాలేదు. అనంతపురంలో బి.ఏ. చదివినదాన్ని, బడిలో టీచరుగా చేరతానన్నాను. ఆడది జీతానికి పోతే వంశం పరువు పోతుందన్నారు. ఆ పరువుకు పాలు తాగే పిల్లలు లేరు. మాకు ఉన్నారు. నా గాజులు అమ్మి నంద్యాల బస్టాండు దగ్గర హోటలు పెట్టాం. పొద్దున ఉగ్గాని, బజ్జీలు; మధ్యాహ్నం భోజనం.

జనం బాగానే వచ్చారు. అదే మా ఖర్మ. కోర్టుకో, ఆసుపత్రికో, పత్తి అమ్ముకోవడానికో నంద్యాలకు వచ్చే ప్రతి మనిషీ మా ఆయనకు ఏదో ఒక వరస అయ్యేవాడు. వాళ్లు తిని లేచేసరికి ఆయన చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేవాడు. మా ఇళ్లలో అంతే. ఇంటికొచ్చిన మనిషి తిన్నాక చేతికి ఇంటాయనే నీళ్లు పోయాలి. బయట తొట్టి ఉంది, ముంత ఉంది, ఎవరి చెయ్యి వాళ్లు కడుక్కుంటారని ఎంత చెప్పినా వినేవాడు కాదు. ఒకసారి నీళ్లు పోశాక అది భోజనం కాదు, విందు. బేరం అక్కడితో సరి.

"నోరు తెరిచి అడగరాదా?" అన్నాను.

"చేతికి నీళ్లు పోసి, మళ్ల అదే చెయ్యి చాపేదెట్లమే?"

"అయితే నీళ్లు పొయ్యొద్దు."

"పొయ్యకుంటే మనిషెట్లయితా?"

దానికి నేను చదివిన బి.ఏ.లో జవాబు లేదు. బియ్యం అంగడాయన దగ్గర మాత్రం ఉంది. అప్పు ఆపేశాడు.

ఆ తర్వాత మా ఆయన మధ్యాహ్నం తినడం మానుకున్నాడు. ఆకలి లేదనేవాడు. ఒకరోజు వంట చేసే పెద్దాయన సంగటి ముద్ద తెచ్చి ముందు పెడితే, "పెండ్లాం బిడ్లను సాకినోడు తింటాడులేప్పా, నాకెందుకు?" అని పళ్లెం పక్కకు జరిపాడు. నేను పొయ్యి దగ్గరి నుంచి విన్నాను. ఊరంతా ధర్మాత్ముడంటున్న మనిషి తనకు తాను పెట్టుకున్న పేరు అది.

ఆ మర్నాడే నేను గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. తగలడం ఆయన మేనమామే తగిలాడు. నాకు చిన్నాయన వరస. గడివేముల వైపు గట్టు తగాదాలో కేసు వేసి, వాయిదా పడ్డప్పుడల్లా సాక్షులందరినీ వెంటబెట్టుకుని వచ్చేవాడు. కోర్టులో అబద్ధం చెప్పడానికి కావలసిన బలమంతా మా పప్పన్నంలో ఉండేది.

"దుడ్లిచ్చి పో, చిన్నాయనా," అన్నాను.

"ఏం దుడ్లు పాపా?"

"తిన్న బువ్వకు. నీకూ, నీ సాక్షులకూ."

"అల్లుడు చేతికి నీళ్లు పోసె గదమ్మా. నీళ్లు పోసి దుడ్లడిగేది యాడన్నా ఉండాదా?"

"పోసింది ఆయప్ప. అడుగుతాండేది నేను."

"కాలేజీలో ఇదేనా నేర్పిచ్చింది?"

"ల్యా. సాక్షులను మేపాల్సింది కేసేసినోడని నాకే తెలిసె."

సాక్షుల్లో ఒకడు నవ్వాడు. చిన్నాయన వాడి వైపు ఒక చూపు చూసి, మొలలోని సంచి విప్పాడు. ఈ వార్త ఆళ్లగడ్డ బస్సు కంటే ముందే ఆళ్లగడ్డ చేరింది.

మా ఆయన చెంబుతో గుమ్మంలో అలాగే ఉండిపోయాడు.

"నా మొగం యాడ పెట్టుకునేదిమే?"

"ఉన్న చోటే ఉండనీ. బాగానే ఉండాది."

నవ్వుతాడనుకున్నాను. చెంబు నా బల్ల మీద పెట్టి, బస్సెక్కి అన్న ఇంటికి వెళ్లిపోయాడు.

అక్కడ అన్న పొలంలో కూలీలను అదిలించడం, వదిన పెట్టింది తినడం. నాయన యాడికి పాయనని పిల్లలు అడిగితే సేద్యం చూస్తాండాడని చెప్పాను. ఎవరి సేద్యమో చెప్పలేదు. ఇక్కడ వరస కలిపేవాళ్లు తగ్గి, ఆకలైనవాళ్లు రావడం మొదలైంది. బియ్యం అంగడాయనకు మా మీద మళ్లీ ప్రేమ పుట్టింది. నీళ్లు పోసేవాళ్లు లేరని చెయ్యి కడుక్కోకుండా పోయినవాడు ఒక్కడూ లేడు.

కొత్తగా నయాపైసలు వచ్చి అందరూ చిల్లర దగ్గర తికమకపడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. నా వైపు చూడకుండా చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. వడ్డించేవాడు ఏం చేయాలో తెలియక నన్ను చూశాడు. వడ్డించమని తల ఊపాను. పప్పు, పులుసు, మజ్జిగ, దేన్నీ వదలకుండా తిన్నాడు. లేచి తొట్టి దగ్గరికి వెళ్లి, ముంతతో తన చెయ్యి తానే కడుక్కున్నాడు. తర్వాత గల్లాపెట్టె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"భోజనం ఎంత?"

ఆ ధర పెట్టింది ఆయనే. అయినా చెప్పాను. పంచె మడతలోంచి పాత అణాలు తీసి బల్ల మీద పెట్టాడు. తీసుకున్నాను. మిగిలింది నయాపైసల్లో ఇస్తే, ఒక్కొక్కటీ తిప్పి చూసుకుని మడతలో దోపుకున్నాడు. తర్వాత వెనకవైపు వెళ్లి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు.

అంతే, ఉండిపోయాడు. మర్నాటి నుంచి సంతకు పోయేది ఆయనే. వంకాయలమ్మే ముసలమ్మలు ఆయన బేరానికి శాపనార్థాలు పెట్టేవాళ్లు. ధర తగ్గించి ఇవ్వడంలో ఆయనకు సిగ్గే లేదు, రావలసింది అడగడంలోనే అంతా. మధ్యాహ్నం అందరితో పాటు తినేవాడు. చెంబు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు.

ఆ పొద్దు దుడ్లెందుకిచ్చినావని ఇప్పటికీ అడుగుతాను.

"ఆకలాయ, తింటి, ఇస్తి. హోటలంటే అంతే గదమే," అంటాడు.

అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. ఆ అణాలు నన్ను కొట్టడానికి పెట్టాడో, నాతో రాజీకి పెట్టాడో, పోనీ వదిలేస్తాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. నీ దగ్గర నాకేం దుడ్లని నేను వాటిని వెనక్కి తోసి ఉంటే, ఆ మనిషి ఆ పొద్దు కట్టెల దగ్గరికి పోయేవాడా, ఆళ్లగడ్డ బస్సు దగ్గరికా?