చిలుక బోర్డు కింద నా సంతకం

2004 ఆగస్టులో పంజాగుట్టలోని ఒక చిన్న ప్రకటనల సంస్థలో నేను ఆర్ట్ డైరెక్టర్‌ని. నా పైన యజమాని ఒక్కరే. నా కింద ఇద్దరు విజువలైజర్లు, అంటే మేం చెప్పిన ఆలోచనకు కంప్యూటర్ మీద రూపం కట్టేవాళ్లు. ఆ నెలలోనే అమీర్‌పేట పండగ బజారు పని నాకు అప్పగించారు. దసరాకు ముందు పదిహేను రోజులు ఒక మైదానంలో ఏటా జరిగే పాత బజారు అది. గేటు, బోర్డులు, కరపత్రాలు, చేతిసంచులు, అన్నిటికీ ఒకే తీరు కొత్త రూపం ఇవ్వాలి. దీన్నే మా వృత్తిలో ఐడెంటిటీ అంటాం.

బజారు కమిటీ అధ్యక్షుడు వెంకటయ్య గారు బట్టల వ్యాపారి. "ఇప్పుడంత సాఫ్ట్‌వేర్ పిల్లలే తిరుగుతున్నరు సార్. మన బజార్ జాతర లెక్కున్నది. జర హైటెక్ చెయ్యుండ్రి" అన్నారు. కొత్తొక వింత, పాతొక రోత. నాకూ అలాంటి పనే కావాలి.

పాత బోర్డులు గోదాంలో చూపించారు. ఏడు గల్లీలకు ఏడు రేకు బోర్డులు. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ: చిలుక, చేప, ఏనుగు, తామర, ఇలా. చిలుక ముక్కు మీద ఎర్ర రంగు పెచ్చులూడుతోంది. అంగన్‌వాడీ గోడలా ఉందే అని నవ్వుకున్నాను.

డిజైన్‌కు ముందు స్థలం చూసి రావడాన్ని రెక్కీ అంటాం. ఆ రెక్కీ నేను ఆగస్టులోనే ముగించాను. అప్పటికి బజారు లేదు, జనం లేరు. ఖాళీ మైదానం, రెండు ఆవులు. స్తంభాల దూరాలు టేపుతో కొలుచుకుని వచ్చాను.

గల్లీలకు ఇంగ్లీషు అక్షరాలు పెట్టాను, ఏ నుంచి జి దాకా. రంగులు మూడే. వాడకం నియమాలన్నీ ఒక చిన్న పుస్తకంగా రాసి కమిటీకి ఇచ్చాను. చివరి పేజీలో ఒక నియమం ఉంది: నా సంతకం లేకుండా బజారులో ఒక్క బోర్డు కూడా కట్టరాదు. ఆ వాక్యం రాసినప్పుడు నాకు భలే గర్వంగా అనిపించింది.

బజారు మొదలైన మూడో రోజు వెంకటయ్య గారు ఫోన్ చేశారు. గాజుల యాదమ్మ గోదాంలోంచి పాత చిలుక బోర్డు తెచ్చి తన స్టాల్‌కు కట్టుకుందనీ, తీయమంటే తీయడం లేదనీ, నేనే రావాలనీ చెప్పారు. పంజాగుట్ట చౌరస్తా ట్రాఫిక్‌లో ఆటోలో కూర్చున్నంతసేపూ నా కోపం పెరుగుతూనే ఉంది. వెళ్లీ వెళ్లగానే వాచ్‌మన్‌తో బోర్డు విప్పించేశాను.

యాదమ్మకు యాభై ఏళ్లుంటాయి. మూడో గల్లీ మూల మీద పద్దెనిమిదేళ్లుగా ఆమె స్టాల్. అరవలేదు, ఏడవలేదు. "గీ చిలుకను మొదలు నేనే కట్టిన. దాన్ని చూసే మిగిలిన గల్లీలోళ్లు సుత బొమ్మలు పెట్టుకున్నరు సారూ. నాకు ఏడాదికి పదిహేను దినాలే. గిరాకీ లేకుంటే నా జాగ వేరేటోళ్లకిస్తరు. కంప్యూటర్ కోచింగోళ్లు గీ మూల మీదనే కన్నేసిండ్రు. ఒక్క గంట నా పక్కన నిలబడి చూడు. తర్వాత నీ ఇష్టం" అంది.

ఆమె మాట తప్పని తేల్చడానికే గల్లీ మొదట్లో, నా 'సి' బోర్డు దగ్గర నిలబడ్డాను. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ ఇద్దరు కూతుళ్లతో వచ్చి, నా బోర్డు కిందే నిలబడి, నన్నే అడిగింది: "చిలుక యాడున్నది సారూ? గాజులామె ఆడనే కూసుంటది. మూడు సుట్లు తిరిగినం." యాదమ్మ అక్కడికి పది అడుగుల్లోనే, జనం వెనక ఉంది. ఇంకాసేపటికి ఒక ముసలావిడ ఉర్దూలో అదే ప్రశ్న వేసింది, "తోతా కిధర్ హై బేటా?" అని. కృష్ణానగర్ నుంచి వచ్చిన సినిమా జూనియర్ ఆర్టిస్టుల గుంపొకటి పైకి చూసి, 'సి' అక్షరం చూసి, ఇది కాదులే అని వెనక్కి తిరిగింది.

నాకు సిగ్గేసింది. నేల విడిచి సాము చేయడం అంటారు కదా, నేను నేలను టేపుతో కొలిచి మరీ ఆ సాము చేశాను.

అయినా అహం ఊరుకోదు. మర్నాడు ఆఫీసులో రెండు ఆకుపచ్చ వంపు గీతలతో కొత్త చిలుకను చేయించి పట్టుకెళ్లాను. యాదమ్మ తల అటు వంచి, ఇటు వంచి చూసింది. "గిది చిలుకనా సారూ? పచ్చిమిరపకాయ లెక్కున్నది" అంది. గల్లీ అంతా నవ్వింది. చివరికి నేనూ నవ్వాను. ఆరో రోజు ఏడు పాత బోర్డులూ నా సంతకంతో మళ్లీ పైకెక్కాయి. గిరాకీ తిరిగొచ్చింది, కానీ పోయిన ఐదు రోజులు రాలేదు.

ఆ లోటే చాలింది. వచ్చే ఏడు మూడో గల్లీ మూల కోచింగ్ సెంటర్‌కు, యాదమ్మ కొత్తగా వేసే ఎనిమిదో గల్లీ చివరకు అని కమిటీ తీర్మానించింది. తప్పు నాదని వెంకటయ్య గారికి గట్టిగా చెప్పాను. "జాగల సంగతి కమిటీది. మీరు బోర్డుల సంగతి చూస్కోండ్రి సార్" అన్నారాయన. నిజమే, స్టాళ్ల కేటాయింపులో నాకు అధికారం లేదు.

సరే, బోర్డుల సంగతే చూసుకున్నాను. నియమాల పుస్తకం చివరి పేజీ తీసి, చిలుక బోర్డు గల్లీకి చెందదు, యాదమ్మ స్టాల్‌కు చెందుతుంది, ఆమె ఎక్కడుంటే అక్కడే కట్టాలి అని రాసి సంతకం పెట్టాను. మూడో గల్లీకి నెమలిని రాశాను. వెంకటయ్య గారు రెండుసార్లు చదివి, "మస్తు హుషారున్నరు సార్" అంటూ పక్కన తన సంతకమూ పెట్టారు.

మరుసటి ఏడు మొదటి రోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డాను. ఆడవాళ్లు తలెత్తి చిలుకను వెతుక్కుంటూ, కోచింగ్ సెంటర్ ముందు నుంచే ఎనిమిదో గల్లీకి నడిచారు. నేను వెళ్లేసరికి యాదమ్మకు తలెత్తే తీరిక లేదు. ఎవరికో గాజులు తొడుగుతూనే, "సారూ, ముక్కుకు జర ఎర్రరంగు ఏయించు, పెచ్చులూడుతున్నది" అంది. మర్నాడే వేయించాను.

ఆ తర్వాత ఇంకా పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. జనం లేనప్పుడు మళ్లీ రెక్కీకి వెళ్లలేదు. ఏ బోర్డు కింద సంతకం పెట్టాల్సి వచ్చినా, దాన్ని చూసి దారి వెతుక్కునేవాళ్లను ముందు అడిగాను.